ఉత్తర తెలంగాణలో ప్రాచీన ఇనుప కొలుముల ఆనవాళ్ళు

ఉత్తర తెలంగాణలో ప్రాచీన ఇనుప కొలుముల ఆనవాళ్ళు అనగా, గోదావరి నదికి ఇరువైపులా ఉన్న పూర్వపు నిజామాబాదు, కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల గ్రామీణ ప్రాంతములో, పూర్వము ముడి ఖనిజము నుండి ఇనుమును, ఇనుము నుండి ఉక్కును తయారు చేసిన చోట్ల మిగిలిన అవశేషాలు. లోహమలపు (చిట్టెపు) దిబ్బలు, కొలిమి గోడల పెళ్ళలు, తిత్తుల గాలిగొట్టాల ముక్కలు, ఉక్కు వండిన మూసల పెంకులు వీటిలో ముఖ్యమైనవి. ప్రపంచ ప్రసిద్ధి పొందిన డమాస్కస్ కత్తులకు ఉక్కును అందించిన ప్రాంతాలలో ఇది ఒకటి. ఈ పరిశ్రమ గురించి వ్రాతపూర్వక ఆధారాలు చాలా తక్కువ. తయారైన ఇనుము, ఉక్కు ఎక్కడెక్కడికో తరలిపోయాయి. తయారైన చోట మిగిలింది వ్యర్థపదార్థము మాత్రమే. అందువలన ఈ పరిశ్రమ చరిత్రకు ఆ వ్యర్థమే ప్రధాన ఆధారము.

పరిభాష

ఈ విషయానికి సంబంధించిన పాత తెలుగు పదాలు నేటికీ గ్రామాలలో వినిపిస్తాయి.

చిట్టెము: ముడి ఖనిజము నుండి ఇనుమును వేరు చేసినప్పుడు కరిగి బయటకు వచ్చే మలినము. దీనినే ఇనుప చిట్టెము, కిట్టము అని కూడా అంటారు. శాస్త్ర గ్రంథాలలో లోహమలము అని వ్రాస్తారు.

కొలిమి: ఇనుమును కాల్చే పొయ్యి. ఖనిజము నుండి ఇనుమును రాబట్టే కొలిమి వేరు, ఆ ఇనుమును కాల్చి పనిముట్లు చేసే కమ్మరి కొలిమి వేరు. రెండింటి వద్ద మిగిలే ఆనవాళ్ళు కూడా వేరుగా ఉంటాయి.

తిత్తి: కొలిమిలోనికి గాలి ఊదే తోలు సంచి. తిత్తి నుండి నిప్పులోనికి గాలిని తీసుకొని పోయే మట్టి గొట్టమునకు నిప్పు తగిలే కొన వద్ద గాజు వంటి పూత ఏర్పడుతుంది.

మూస: లోహమును కరిగించే మట్టి పాత్ర. ఉక్కు తయారీలో దీనిని మూత వేసి, మట్టితో మెత్తి కాల్చేవారు.

ముద్ద: కొలిమి నుండి వెలువడిన, చిట్టెము కలిసి ఉన్న మెత్తని ఇనుప గడ్డ. ఖనిజము నుండి ఇనుము తీసే కమ్మరులను తెలంగాణలో ముద్ద కమ్మరులు అని పిలవడం ఈ పని నుండి వచ్చినదే.

యూరోపు భాషలలో భారతీయ ఉక్కుకు స్థిరపడిన వూట్జ్ అనే పేరు తెలుగు, కన్నడ భాషలలోని ఉక్కు అనే పదానికి వికృతి అని ఎక్కువమంది పండితుల అభిప్రాయము. ఈ పేరు 1795లో లండను రాయల్ సొసైటీ పత్రికలో జార్జ్ పియర్సన్ ప్రచురించిన వ్యాసముతో వ్యాప్తిలోకి వచ్చింది.

భౌగోళిక నేపథ్యము

ఇనుము తయారీకి ముఖ్యముగా మూడు వస్తువులు కావలెను. అవి ఖనిజము, కట్టె బొగ్గు, మంటకు తట్టుకునే మట్టి. ఉత్తర తెలంగాణలో ఈ మూడూ దగ్గర దగ్గరగా లభించాయి. ఇక్కడి పురాతన శిలలలో మాగ్నటైటు అనే నల్లని అయస్కాంత ఖనిజము అక్కడక్కడ పొరలుగా ఉన్నది. శిలలు శిథిలమైనప్పుడు ఈ ఖనిజపు రేణువులు వాన నీటితో వాగులలోకి చేరి, ఇసుకలో నల్లని చారలుగా పేరుకుంటాయి. బరువైన ఈ నల్ల ఇసుకను నీటితో కడిగి, తేలికైన తెల్ల ఇసుకను తొలగిస్తే గని త్రవ్వకుండానే ఖనిజము సిద్ధమవుతుంది. ఎత్తైన కొన్ని చోట్ల లాటరైటు అనే ఎర్రని ఇనుప రాయి కూడా లభిస్తుంది. గోదావరి ఒడ్డు అడవులు బొగ్గును సమకూర్చాయి.

ఈ కారణము వలననే ఇనుము తయారీ ఒకటి రెండు పెద్ద కేంద్రాలలో కాక అనేక గ్రామాలలో చెదురుగా సాగింది. ఆనవాళ్ళ కోసము గ్రామ గ్రామమూ తిరిగి వెతకవలసి రావడానికి కూడా ఇదే కారణము.

ఇనుము తీసే విధానము

స్వచ్ఛమైన ఇనుము 1,538 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. పాతకాలపు మట్టి కొలుములలో ఖనిజము నుండి ఇనుము తీసేటప్పుడు అంత వేడి అవసరము లేదు. ఖనిజమును, బొగ్గును పొరలు పొరలుగా కొలిమిలో వేసి తిత్తులతో గాలి ఊదేవారు. బొగ్గు మండగా వెలువడిన కార్బన్ మోనాక్సైడు వాయువు ఖనిజములోని ఆక్సిజనును లాగివేయగా ఇనుము ఘన రూపములోనే మిగిలేది. ఖనిజములోని ఇసుక మాత్రము కొంత ఇనుప ఆక్సైడుతో కలిసి సుమారు 1,200 డిగ్రీల వద్ద కరిగి చిట్టెముగా మారేది. అనగా ఈ కొలిమిలో కరిగేది ఇనుము కాదు, దానిని అంటి ఉన్న మలినము.

చిట్టెమును కొలిమి అడుగున ఉన్న రంధ్రము గుండా బయటకు వదిలేవారు, లేదా లోపలనే అడుగుకు దిగనిచ్చేవారు. తరువాత కొలిమి గోడను పగులగొట్టి ఇనుప ముద్దను బయటకు లాగి, వేడిగా ఉండగానే సమ్మెటలతో మోది మిగిలిన చిట్టెమును పిండేవారు. ప్రతి కాల్పు తరువాత కొలిమిని కొంతవరకు తిరిగి కట్టుకోవలసి వచ్చేది. అందువలన చిట్టెపు దిబ్బలలో కాలిన కొలిమి గోడల పెళ్ళలు కూడా కలిసి ఉంటాయి.

ఈ పద్ధతిలో ఖనిజములోని ఇనుములో గణనీయమైన భాగము చిట్టెములోనే పోయేది. అందుకే పాత చిట్టెము చేతికి బరువుగా తగులుతుంది. నేటి ఉక్కు కర్మాగారాల లోహమలము దానితో పోల్చితే తేలికగా ఉంటుంది.

మూసలో ఉక్కు తయారీ

మెత్తని ఇనుములో కార్బను తగిన పాళ్ళలో చేరితే ఉక్కు అవుతుంది. దక్షిణ భారతములోని మూస ఉక్కులో కార్బను సాధారణముగా 1 నుండి 2 శాతము మధ్య ఉంటుంది. నేటి సాధారణ నిర్మాణపు ఉక్కులో ఉండే దాని కంటే ఇది చాలా ఎక్కువ. ఇటువంటి ఉక్కును మూసలో పూర్తిగా కరిగించి, మెల్లగా చల్లారనిచ్చేవారు. చిన్న రొట్టె ఆకారములో గడ్డకట్టిన ఆ ఉక్కును తక్కువ వేడి వద్ద జాగ్రత్తగా సాగగొట్టి కత్తి చేసినప్పుడు, దాని మీద నీటి అలల వంటి చారలు కనిపించేవి. డమాస్కస్ కత్తుల ప్రసిద్ధికి ఈ చారలే కారణము.

దక్షిణ భారతములో ఈ ఉక్కు తయారీకి కనీసము రెండు పద్ధతులు ఉండేవి. మైసూరు, సేలం ప్రాంతాలలో మెత్తని ఇనుప ముక్కలతో పాటు తంగేడు కట్టె, ఆకులు మూసలో పెట్టి కాల్చేవారు. కట్టె నుండి కార్బను ఇనుములోనికి చేరేది. కోనసముద్రము వద్ద వేర్వేరు చోట్ల నుండి తెచ్చిన రెండు రకాల ఇనుమును కలిపి కరిగించేవారు. మూస మట్టిలో వరి పొట్టును విస్తారముగా కలిపేవారు. కాలినప్పుడు ఆ పొట్టు బొగ్గుగా మారి, మూస పెంకును నల్లగా, అత్యధిక వేడికి తట్టుకునేదిగా చేసేది. 1990 ప్రాంతములో థెల్మా లోవ్ అనే పరిశోధకురాలు ఈ మూస ముక్కలను సూక్ష్మదర్శినితో పరీక్షించి, వరి పొట్టు అవశేషాలను, అధిక వేడికి ఏర్పడే ముల్లైటు స్ఫటికాలను గుర్తించారు.

చరిత్ర

ప్రాచీన కాలము

తెలంగాణలోని బృహత్ శిలా సమాధులలో ఇనుప కత్తులు, బాణపు మొనలు, గొడ్డళ్ళు విరివిగా లభించాయి. ఈ సమాధులలో ఎక్కువ భాగము క్రీ.పూ. మొదటి సహస్రాబ్దికి చెందినవని చాలాకాలము నుండి భావిస్తున్నారు. హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణములోని బృహత్ శిలా స్థలములో త్రవ్వకాలు జరిపిన ఆచార్య కె.పి.రావు బృందము, అక్కడి ఇనుప వస్తువులు క్రీ.పూ. 2000కు పూర్వమువని 2015లో ప్రకటించింది. తమిళనాడు పురావస్తు శాఖ 2025 జనవరిలో విడుదల చేసిన నివేదిక శివగళై వద్ద ఇనుము కాలమును క్రీ.పూ. 3345 వరకు తీసుకొని పోయింది. ఈ తేదీలపై పండితులలో చర్చ జరుగుతున్నది.

ఈ చర్చలో గమనించవలసిన విషయము ఒకటి ఉన్నది. సమాధిలో దొరికిన ఇనుప కత్తి ఎక్కడి నుండో వచ్చినది కావచ్చును. చిట్టెము మాత్రము తయారైన చోటనే ఉంటుంది. బరువైన, పనికిరాని ఆ పదార్థమును దూరము మోసే అవసరము ఎవరికీ లేదు. కనుక ఒక ప్రాంతములో ఇనుము వాడకము ఎప్పుడు మొదలైనదో వస్తువులు తెలుపుతాయి, ఇనుము తయారీ ఎప్పుడు మొదలైనదో చెప్పవలసినది చిట్టెమే.

శాతవాహనుల కాలానికి చెందిన పెద్దబంకూరు, ధూళికట్ట వంటి స్థలాలు ఈ ప్రాంతములోనే ఉన్నాయి. 1970వ దశకములో పెద్దబంకూరులో జరిగిన త్రవ్వకాలలో నాణేలతో పాటు ఇనుప పనిముట్లు కూడా లభించాయి.

గోల్కొండ కాలము

పదిహేడవ శతాబ్దములో గోల్కొండ రాజ్యపు ఉక్కు పర్షియాకు ఎగుమతి అయ్యేది. ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే తన వృత్తాంతములో ఈ ఉక్కును ప్రస్తావించాడు. 1666-67లో ఈ దారిన ప్రయాణించిన మరొక ఫ్రెంచి యాత్రికుడు తెవెనో, ఇందల్వాయి (నేటి నిజామాబాదు జిల్లా) వద్ద ఖడ్గాలు, బాకులు, బల్లెములు తయారవుతున్నాయని, వాటికి కావలసిన ఇనుము సమీపపు కొండల నుండి వస్తున్నదని వ్రాశాడు. మచిలీపట్నము రేవు నుండి డచ్చి వర్తకులు ఇనుమును, ఉక్కును ఓడలలో తరలించారు.

యూరోపియను పరిశీలకుల వృత్తాంతాలు

ఈస్టిండియా కంపెనీ కొలువులోని బెంజమిన్ హైన్ అనే వైద్యుడు 1795లో నూజివీడు ప్రాంతములోని రమణక్కపేట ఇనుప కొలుములను చూసి నివేదిక వ్రాశాడు. అంతకు ముందు వచ్చిన ఘోరమైన కరువుకు పూర్వము అక్కడ 40 కొలుములు ఉండేవని, కరువు తరువాత మిగిలినవారు పేదరికములో ఉన్నారని ఆ నివేదిక తెలుపుతుంది. ఈ గ్రామము కోస్తా ఆంధ్రలోనిది అయినప్పటికీ, తెలుగు ప్రాంతపు ఇనుము తయారీ గురించిన తొలి ప్రత్యక్ష వర్ణనలలో ఒకటిగా దీనికి ప్రాముఖ్యము ఉన్నది.

ఉత్తర తెలంగాణ విషయములో ముఖ్యమైన సాక్షి హెన్రీ వాయ్సీ. ఇతడు భారత త్రికోణమితీయ సర్వేలో వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త. 1824లో మరణించాడు. కోనసముద్రము ఉక్కు తయారీపై ఇతని వర్ణన 1832లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రచురితమైనది. దాని ప్రకారము అక్కడ మిర్త్‌పల్లి (నేటి మెట్‌పల్లిగా భావిస్తారు) ఇనుము మూడు పాళ్ళు, కొండాపురము ఇనుము రెండు పాళ్ళు కలిపి ఉక్కు వండేవారు. మొదటిది నల్ల ఇసుక నుండి, రెండవది ఎర్ర ఇనుప రాయి నుండి తీసినది. ఒక కాల్పుకు ఒక పగలు, ఒక రాత్రి పట్టేది. ఇస్పహాను నుండి వచ్చిన హాజీ హుసేను అనే వర్తకుడు గ్రామములోనే ఉండి, తయారీని స్వయముగా చూసుకుంటూ ఉక్కును కొనుగోలు చేసేవాడు. నిర్మల్‌కు తూర్పున ఉన్న దిమ్మదుర్తిని కూడా వాయ్సీ పేర్కొన్నాడు.

క్షీణత

పందొమ్మిదవ శతాబ్దములో ఈ పరిశ్రమ క్రమముగా అంతరించింది. ఇంగ్లాండులోని పెద్ద కొలుములలో రాతి బొగ్గుతో తయారైన ఇనుము ఓడలలో, ఆపై రైళ్ళలో చౌకగా వచ్చి చేరింది. నిజాము రాజ్యములో వాడి-సికింద్రాబాదు రైలుమార్గము 1874లో ప్రారంభమైనది. నిజామాబాదు మీదుగా మన్మాడుకు వెళ్ళే మార్గము 1900 ప్రాంతములో పూర్తయింది. అడవులపై ఆంక్షలు పెరగడముతో బొగ్గు కాల్చడము కష్టమైనది. ఖడ్గాలకు గిరాకీ తగ్గింది. ఖనిజము నుండి ఇనుము తీసే పని నిలిచిపోయిన తరువాత ముద్ద కమ్మరుల కుటుంబాలు అంగడిలో దొరికే ఇనుముతో నాగలి కర్రులు, కొడవళ్ళు చేయడానికి, లేదా వ్యవసాయానికి మళ్ళాయి. తయారీ విధానము చేతి పనిగా తండ్రి నుండి కొడుకుకు అందినదే కాని గ్రంథస్థము కాలేదు. పని ఆగిన రెండు మూడు తరాలలోనే వివరాలు మరుగున పడ్డాయి.

అన్వేషణ, పరిశోధన

ఇరవయ్యవ శతాబ్దములో పరిశోధకుల దృష్టి ప్రధానముగా కత్తుల మీద, వాటి లోహ నిర్మాణము మీద ఉండేది. తయారీ స్థలాల కోసము గ్రామాలలో వెతకడము ఆలస్యముగా మొదలైనది. ఉత్తర తెలంగాణలో ఈ పనిని పట్టుదలతో సాగించినవారిలో ఎస్. జైకిషన్ ముఖ్యుడు. ఇనుము, ఉక్కు తయారీ స్థలాలపై ఆయన సర్వే వివరాలు 2007లో ఇండియన్ జర్నల్ ఆఫ్ హిస్టరీ ఆఫ్ సైన్స్ పత్రికలో, తరువాత 2009లో పుస్తకముగా వెలువడ్డాయి.

2010లో ఇంగ్లాండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయము, బెంగుళూరులోని నేషనల్ ఇన్స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ కలిసి ఉత్తర తెలంగాణలో విస్తృతమైన క్షేత్ర పర్యటన జరిపాయి. గిల్ జులెఫ్, శారదా శ్రీనివాసన్, ఎస్. రంగనాథన్ దీనికి నాయకత్వము వహించారు. మధ్యంతర నివేదిక 2011లో వెలువడింది. ఇనుము తీసిన చోట్లు ఈ ప్రాంతమంతటా విస్తరించి ఉన్నాయని, మూస ఉక్కు ఆనవాళ్ళు మాత్రము తక్కువ చోట్ల కనిపిస్తాయని ఈ పర్యటన వలన తేలింది. ఇక్కడ సేకరించిన చిట్టెము, మూస ముక్కల ఆధారముగా తరువాత పరిశోధన గ్రంథాలు వచ్చాయి. కోనసముద్రము నుండి లభించిన కొత్త ఆధారాలపై జైకిషన్, మేఘనా దేశాయి, థీలో రెహ్రెన్ కలిసి వ్రాసిన వ్యాసము 2021లో ప్రచురితమైనది.

ఇటువంటి క్షేత్ర పర్యటనలు ఎంత మార్పు తేగలవో చెప్పడానికి శ్రీలంక ఉదాహరణ ఉన్నది. అక్కడ సమనలవెవ జలాశయము కట్టబోయే ప్రాంతములో గిల్ జులెఫ్ జరిపిన సర్వేలో, కొండ వాలుల మీద ఋతుపవనాల గాలితోనే మండిన కొలుములు బయటపడ్డాయి. తిత్తులు లేని ఆ పద్ధతి వివరాలు 1996లో నేచర్ పత్రికలో వెలువడ్డాయి. వెతకకుండా జలాశయము నింపి ఉంటే ఆ విషయము నీటి అడుగునే ఉండిపోయేది.

ఆనవాళ్ళను గుర్తించడము

పొలములో దొరికిన నల్లని గడ్డ ఏ పనికి సంబంధించినదో దాని ఆకారమును బట్టి చాలావరకు చెప్పవచ్చును.

ప్రవహించిన చిట్టెము: పై భాగము నునుపుగా, త్రాళ్ళు పేర్చినట్లు మడతలు మడతలుగా ఉంటుంది. అడుగున ఇసుక, మట్టి అంటి ఉంటాయి. కొలిమి నుండి చిట్టెమును బయటకు వదిలారనడానికి ఇది నిదర్శనము. ఇది ఖనిజము నుండి ఇనుము తీసిన చోటనే ఏర్పడుతుంది.

కొలిమి అడుగు చిట్టెము: బరువైన పెద్ద గడ్డ. దీనిలో బొగ్గు ముక్కలు, వాటి అచ్చులు కనిపిస్తాయి. దీని వ్యాసమును బట్టి కొలిమి లోపలి కొలతను అంచనా వేయవచ్చును.

కమ్మరి కొలిమి చిట్టెము: అరచేతిలో పట్టేంత, పైన చదునుగా, క్రింద గిన్నెలా గుండ్రముగా ఉంటుంది. ఇది పనిముట్లు చేసిన చోటును సూచిస్తుంది. దీనిని మాత్రమే చూసి అక్కడ ఖనిజము నుండి ఇనుము తీశారని చెప్పరాదు.

ఇనుప పొట్టు: సమ్మెట దెబ్బకు రాలిన పలుచని రేకులు. కంటికి సులువుగా ఆనవు. మట్టిలో అయస్కాంతమును త్రిప్పితే అంటుకుంటాయి. దాగలి ఉన్న చోటును ఇవి చూపుతాయి.

గాలిగొట్టపు ముక్కలు: ఒక కొన గాజులా కరిగి, మరొక కొన ఎర్రని మట్టిగా ఉంటుంది. రంధ్రపు కొలత, గొట్టము వంపు తిత్తుల అమరికను తెలుపుతాయి.

మూస పెంకులు: లోపల నలుపు, వెలుపల గాజు పూత. లోపలి గోడ మీద అడ్డముగా ఒక గీత ఉంటే, కరిగిన ఉక్కు అంతవరకు నిండినదని అర్థము. ఆ గీత ఆధారముగా ఉక్కు గడ్డ పరిమాణమును లెక్కించవచ్చును. ఉక్కు ఒక్క గడ్డ కూడా మిగలని చోట ఈ గీతే దాని కొలత.

భ్రమ కలిగించే వస్తువులు

నల్లగా, బరువుగా ఉన్న ప్రతి రాయీ చిట్టెము కాదు. గోదావరికి ఉత్తరాన దక్కను లావా శిలలు వ్యాపించిన చోట్ల బుడగల రంధ్రాలతో ఉన్న నల్లరాయి చిట్టెమును పోలి ఉంటుంది. లాటరైటు గులకలు, ఇటుక బట్టీలలో కరిగి గడ్డకట్టిన మట్టి, పాత రైలు మార్గాల పక్కన పడిన బొగ్గు కిట్టము కూడా పొరపాటుకు దారి తీస్తాయి. అయస్కాంతము ఒక్కటే పరీక్ష కాజాలదు. మాగ్నటైటు ఖనిజము అయస్కాంతమునకు గట్టిగా అంటుకుంటుంది, పాత చిట్టెము అనేక సందర్భాలలో బలహీనముగానే స్పందిస్తుంది. బరువు, ప్రవాహపు మడతలు, బొగ్గు అచ్చులు, పక్కనే కొలిమి గోడ పెళ్ళలు ఉండడము, ఇవన్నీ కలిపి చూసి నిర్ణయించవలెను.

గ్రామాలలో వెతికే విధానము

స్థలముల కోసము వెతికేవారు మొదట భారత సర్వే సంస్థ పటముల మీద వాగులు, గుట్టలు, పాత చెరువులు గుర్తిస్తారు. నల్ల ఇసుక పేరుకునే వాగు, మట్టి దొరికే చెరువు గట్టు, అడవి అంచు కలిసిన చోట ఆనవాళ్ళు ఉండే అవకాశము ఎక్కువ. పంట కోసిన తరువాత, లేదా తొలి దుక్కి అయిన తరువాత నేల తేటగా కనిపించే రోజులలో నడవడము మంచిది.

పటము కంటే ఎక్కువ ఉపయోగపడేది గ్రామస్థుల జ్ఞాపకము. నాగలికి ఎక్కడ చిట్టెము తగులుతుందో రైతుకు తెలుసు. పొలాల పేర్లు, దిబ్బల పేర్లు, కమ్మరులతో సంబంధము ఉన్న గ్రామనామాలు ఆధారాలు అవుతాయి. కోనసముద్రము ఉన్న మండలము పేరే కమ్మర్‌పల్లి. ఇనుము తీసినవారు కొలిచిన మమ్మాయి అనే గ్రామదేవత గుడి లేదా రాయి కొన్ని గ్రామాలలో చిట్టెపు దిబ్బల సమీపములోనే ఉన్నది. కొలిమి ఆరిపోయిన తరువాత కూడా దేవత మిగిలి ఉండడము వలన, ఆమె స్థానము పాత కొలిమి స్థానమునకు గుర్తుగా పనికి వస్తున్నది.

చిట్టెము ఉన్న చోటల్లా కొలిమి ఉండేదని భావించరాదు. చెరువుల పూడిక మట్టిని పొలాలకు తోలడము ఈ ప్రాంతములో పాత అలవాటు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కార్యక్రమములో కూడా పూడిక మట్టి పెద్ద ఎత్తున పొలాలకు చేరింది. చెరువు పక్కన ఉన్న దిబ్బలోని చిట్టెము ఆ మట్టితో పాటు దూరపు పొలానికి చేరవచ్చును. కనుక మట్టి ఎక్కడి నుండి తెచ్చినదీ రైతును అడిగి తెలుసుకోవలెను. చెదురుగా ఉన్న చిన్న ముక్కల కంటే, కొలిమి గోడ పెళ్ళలతో కలిసి గుట్టగా ఉన్న చిట్టెము నమ్మదగినది.

కనిపించిన స్థలములో దిబ్బ పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి, ఫొటోలు తీసి, అక్షాంశ రేఖాంశాలు నమోదు చేస్తారు. అనుమతి లేకుండా త్రవ్వరాదు. దిబ్బలోని పొరల క్రమమే కాలక్రమము. ఒకసారి కలగలిసిన పొరలను తిరిగి పేర్చడము సాధ్యము కాదు. ముక్కను ఇంటికి తీసుకొని పోతే, దొరికిన చోటు వ్రాసి పెట్టనంత కాలము అది కేవలము రాయితో సమానము.

కాలనిర్ణయము

చిట్టెము రూపమును చూసి దాని వయస్సు చెప్పడము కష్టము. ఇదే పద్ధతి రెండు వేల సంవత్సరాలకు పైగా పెద్ద మార్పు లేకుండా సాగడము దీనికి కారణము. చిట్టెములో చిక్కుకున్న బొగ్గు ముక్కకు రేడియో కార్బను పరీక్ష జరిపి, ఆ చెట్టు పెరిగిన కాలమును తెలుసుకోవచ్చును. చాలా వయస్సు గల చెట్టు నడిమి భాగము బొగ్గు అయి ఉంటే, తేదీ అసలు కంటే పాతదిగా రావచ్చును. కాలిన మట్టి గోడకు, గాలిగొట్టానికి ఉష్ణ సందీప్తి పరీక్ష జరిపి చివరిసారి ఎప్పుడు కాలినదీ అంచనా వేస్తారు. అదే పొరలో దొరికిన కుండ పెంకులు, నాణేలు కూడా తోడ్పడతాయి. ఈ పరీక్షలన్నింటికీ కదలని పొరల నుండి తీసిన నమూనా అవసరము.

ఎదురవుతున్న ముప్పు

కోట, గుడి, శాసనము వంటి వాటికి లభించే రక్షణ చిట్టెపు దిబ్బకు లభించడము అరుదు. చూచేవారికి అది చెత్త కుప్ప మాత్రమే. రైతుకు అది దుక్కికి అడ్డము. యంత్రాలతో పొలాలు చదును చేయడము, చిట్టెమును బాటల గుంతలలోనూ పునాదులలోనూ పోయడము, గ్రామాలు విస్తరించడము వలన దిబ్బలు తరిగిపోతున్నాయి. ఎడ్ల నాగలి దిబ్బ అంచును మాత్రమే గీకేది, మట్టి తవ్వే యంత్రము ఒక్క పూటలో దిబ్బ మొత్తమును తొలగించగలదు. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు జలాశయము గోదావరి ఒడ్డున విశాలమైన భూమిని ముంచింది. ఆ భూమిలో ఇటువంటి సర్వే అంతకు ముందు జరగలేదు.

రెండవ ముప్పు జ్ఞాపకము తరగడము. కొలిమి స్థలాలను తాతల మాటగా విన్న వృద్ధుల తరము వెళ్ళిపోతున్నది. వారు చూపగలిగిన చోటును తరువాత పరికరాలతో వెతికినా కనుగొనడము కష్టము.

ప్రాముఖ్యము

ఉత్తర తెలంగాణ ఉక్కుతో చేసిన కత్తులు నేడు అనేక దేశాల ప్రదర్శనశాలలలో ఉన్నాయని భావించవచ్చును. వాటి మీద కత్తి చేసినవాని పేరో, ధరించిన రాజు పేరో ఉంటుంది. ఉక్కు వండిన గ్రామము పేరు ఉండదు. హాజీ హుసేను పేరు వాయ్సీ వ్రాత వలన మిగిలింది. అతనికి ఉక్కు అమ్మిన కోనసముద్రము కమ్మరుల పేర్లు చరిత్రకు చేరలేదు. వారు ఏ ఖనిజమును ఎంచుకున్నారు, ఎంత వేడిని సాధించారు, మూసకు ఎటువంటి మట్టిని కలిపారు అనే ప్రశ్నలకు సమాధానము వారు పారవేసిన పెంకులలో, చిట్టెములో ఉన్నది. పాఠశాల విద్యార్థులు, ఉపాధ్యాయులు తమ గ్రామములోని దిబ్బ కొలతలను, వృద్ధులు చెప్పిన వివరాలను నమోదు చేసి రాష్ట్ర వారసత్వ శాఖకు తెలియజేయడము ఈ సమాధానమును కాపాడడానికి మొదటి మెట్టు. దీనికి కావలసినవి ఒక కొలత టేపు, ఒక నోటు పుస్తకము, ఊరివారితో మాట్లాడే ఓపిక.